తాతగారి పాత డోజరును మళ్ళీ లేపి, హాబీగా ఇసుక మేటలు తోయొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ తాతగారు కాలువ పనుల కాంట్రాక్టు రోజుల్లో కొన్న బీఈఎంఎల్ కంపెనీ డీ-50 డోజరు పద్దెనిమిదేళ్లుగా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మీ తోటలో చింతచెట్టు కింద నిలబడి ఉంది. అమెరికా, కెనడాల్లో కొందరు అరవై డెబ్బై ఏళ్ల నాటి డోజర్లతో సరదాగా మంచు తోసే వీడియోలు చూశారు. మనకు మంచు లేకపోయినా పెన్న వరదకి పొలాల్లో ఇసుక మేట వేస్తుంది కాబట్టి, ఈ బండిని బాగుచేసి అలా వాడుకోవచ్చా అని మీ ఆలోచన. ఈలోపు పాత ఇనుము వ్యాపారి కిలోల లెక్కన బేరం పెట్టి వారం గడువు ఇచ్చాడు.

నా జవాబు: ఈ వారంలో మాత్రం ఇచ్చేయకండి. రెండు పరీక్షలు చేయండి, రెండూ చేతితో చేసేవే, పెద్దగా ఖర్చు ఉండదు. ఇంజను చేత్తో తిప్పితే తిరగాలి. చైను, అంటే డోజరు నడిచే ఇనుప పట్టా, దాన్ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్టు సగమైనా మిగిలి ఉండాలి. రెండూ ఉంటే బండిని నిస్సందేహంగా ఉంచుకోండి. ఇంజను పట్టేసినా చైను బాగుంటే కూడా ఉంచుకోవచ్చు, పని కాస్త పెరుగుతుంది. చైను అయిపోయి ఉంటే మాత్రం ఇంజను ఎంత బాగున్నా దానికి డబ్బు పోయకండి. తాతగారి గుర్తుగా రంగేసి నిలబెట్టుకోండి, లేదా ఇచ్చేయండి. ఇక ఇసుక సంగతి. ఏడాదికి ఇరవై, ముప్పై గంటల పనికి ఈ బండి చక్కగా సరిపోతుంది. ఊరంతటి మేటలూ దీంతో తీస్తానంటే కుదరదు. ఎందుకో లెక్క కింద రాశాను.

నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎవరో చదివి చెప్తున్నట్టు ఉంటుంది. మాది పాత ప్రకాశం జిల్లా గిద్దలూరు వైపు. 1985 నుంచి 2011 దాకా సరిహద్దు రోడ్ల సంస్థలో, మేము గ్రెఫ్ అంటాం, డోజరు ఆపరేటర్‌గా చేశాను. అందులో ఎక్కువ ఏళ్లు మనాలి నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు మీదే. అటల్ సొరంగం 2020లో తెరుచుకుంది కానీ మా రోజుల్లో అటువైపు దారి అంటే 3,978 మీటర్ల ఎత్తులో ఉన్న రోహతాంగ్ కనుమే. మార్చిలో మంచు కోయడం మొదలుపెడితే దారి దొరికేసరికి మే నెల వచ్చేది. రిటైరయ్యాక సంగం దగ్గర అత్తగారి ఊళ్లో స్థిరపడ్డాను. 2013లో చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీ మూసేస్తుంటే అక్కడ పడి ఉన్న డీ-50 కొన్నాను. 1986 మోడల్. మీ బండికి దాదాపు అన్నదమ్ములే. కాబట్టి మంచూ చూశాను, ఇసుకా చూశాను, నిలిచిపోయిన బండిని లేపడమూ చూశాను.

ముందు ఆ వీడియోల సంగతి. ఆ దేశాల్లో ఈ హాబీ ఎందుకు నిలిచిందో అర్థం చేసుకుంటే మన దగ్గర ఏది కుదురుతుందో తెలుస్తుంది. అక్కడ పల్లెటూరి ఇంటికి, మెయిన్ రోడ్డుకి మధ్య పొడుగాటి సొంత దారి ఉంటుంది. దాని మీది మంచు ఇంటివాళ్లే తీసుకోవాలి. ప్రతి చలికాలం మంచు దానంతట అదే పడుతుంది, అంటే బండికి ఏటా సొంత వాకిట్లోనే పని దొరుకుతుంది. పైగా మంచు తేలిక. అప్పుడే పడిన పొడి మంచు క్యూబిక్ మీటరుకి 100 కిలోలు కూడా తూగదు. గాలికి గట్టిపడితే 350, 400 కిలోల దాకా పోతుంది. అదే తడి ఇసుక దగ్గర దగ్గర 2,000 కిలోలు. అంటే 1950ల నాటి చిన్న డోజరు కూడా మంచులో శ్రమ పడకుండా నడుస్తుంది. ఇంకో సంగతి, మంచు ఇనుమును అరగదీయదు. చైను లింకుల్ని కలిపే పిన్నుల్లోకి, బుష్షుల్లోకి దూరినా కరిగి నీళ్లై పోతుంది. ఇసుక అక్కడే ఉండి ఆకురాయిలా పనిచేస్తుంది.

పాత క్యాటర్‌పిల్లర్ బండ్లలో పెద్ద డీజిల్ ఇంజను లేపడానికి పక్కనే ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. ముందు చిన్నదాన్ని చేత్తో తిప్పి లేపి, దాంతో పెద్దదాన్ని లేపాలి. ఆ తతంగం కోసమే వాళ్లు చలిలో పొద్దున్నే లేస్తారు. నాకు అది పూర్తిగా అర్థమవుతుంది. మీ బండికి 24 వోల్టుల స్టార్టరు మోటారే ఉంటుంది, ఆ కష్టం లేదు.

ఇప్పుడు ఇసుక లెక్క. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద అడుగు మందం మేట వేస్తే 1,200 క్యూబిక్ మీటర్లు దాటుతుంది, బరువులో 2,000 టన్నుల పైమాటే. మీ డోజరు బ్లేడు ముందు ఒక్కసారికి నిలిచే ఇసుక రెండు క్యూబిక్ మీటర్ల లోపే. అంటే ఒక్క ఎకరానికి దాదాపు ఏడొందల సార్లు ముందుకు తోసి వెనక్కి రావాలి. నలభై మీటర్ల దూరం తోస్తే నాకు ఒక ఎకరానికి ఇరవై గంటల పైన పట్టింది. నా నోటుబుక్కు ప్రకారం ఇసుకలో గంటకి 12 నుంచి 14 లీటర్ల డీజిలు తాగుతుంది. మీరే గుణించుకోండి. సొంత పొలం ఎకరం రెండెకరాలు, పక్కవాళ్ల పొలానికి పోయే బండి దారి, పంటకాలువ గట్టు, చెరువు కట్ట పక్కన పెరిగిన చిల్లచెట్లు వేళ్లతో సహా పెకలించడం, ఇవీ మన హాబీకి తగిన పనులు. పది ఎకరాల మేటకి పొక్లెయిన్, టిప్పర్లు పిలవాల్సిందే. డోజరు ఇసుకను అంచుకి నెడుతుంది కానీ ఎత్తి బయట పోయలేదు.

2021 నవంబరు మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ నెల 19న పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్న పొంగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. నీళ్లు తీశాక మా ఏటి పక్క పొలాలకి వెళ్తే గట్లు లేవు, కాలువలు లేవు, తెల్లగా ఒకటే ఇసుక. నాకు ఆ పొద్దున రోహతాంగే గుర్తొచ్చింది. ఎక్కడ దారి, ఎక్కడ అంచు అనేది తెలియకుండా అంతా ఒకే రంగు.

రోహతాంగ్‌లో మంచు కోసేటప్పుడు మా ముందు ఒక మనిషి పొడుగాటి ఇనుప చువ్వ పట్టుకుని నడిచేవాడు. మంచులోకి గుచ్చుకుంటూ పోయేవాడు. గట్టిగా తగిలితే కింద రోడ్డు ఉన్నట్టు, చువ్వ దిగిపోతూనే ఉంటే అది లోయ వైపు అంచు. ఆ మనిషి చెయ్యి ఊపితేనే డోజరు కదలాలి. ఇంత తెలిసీ, మన ఇసుకలో మొదటి రోజు నేను ఆ పని చేయలేదు. లోయ లేదు కదా అనుకున్నాను. రెండో తోపులోనే బ్లేడు కింద టక్కున శబ్దం వచ్చింది. దిగి చూస్తే పక్క రైతు బోరు కేసింగు పైపు వంగి పగిలింది. ఇసుక దాన్ని పూర్తిగా కప్పేసింది. తప్పు నాదే, ఆ పైపు నా డబ్బుతోనే వేయించాను. ఆ రైతు పెద్దాయన మాత్రం, "ఏటి నీళ్లకి పోయినదాంట్లో ఇదెంత అబ్బయ్యా, ముందు ఆ ఇసక లాగు" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా బాధేసింది.

మర్నాటి నుంచి ఆరడుగుల చువ్వ చేయించి ముందు పొలమంతా అడుగు అడుగుకీ గుచ్చుకుంటూ నడిచాం. బోరు, మోటారు దిమ్మె, సరిహద్దు రాళ్లు, స్టార్టరు బాక్సు దిమ్మె, విరిగిన కరెంటు స్తంభం ముక్క, ఇలా కనిపించిన ప్రతిదాని దగ్గర కొయ్య పాతి పాత చీర పీలిక కట్టాం. ఇసుకలో డోజరు దించే ముందు చువ్వ వేసి నడవండి. ఈ జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

ఆ సీజన్లో మూడు వారాల్లో నా బండి 46 గంటలు నడిచింది. మేట అంతటా ఒకే మందం లేదు కాబట్టి రెండెకరాల దాకా తేరింది.

సరే, మీ బండి దగ్గరికి వద్దాం. పద్దెనిమిదేళ్లు నిలబడ్డ డోజరును చూడగానే అందరికీ వచ్చే ఆలోచన కొత్త బ్యాటరీలు తెచ్చి తాళం తిప్పుదామని. దయచేసి బ్యాటరీ తగిలించకండి. పిస్టన్ రింగులు తుప్పుతో లైనరుకి, అంటే సిలిండరు లోపలి గోడకి, అంటుకుని ఉంటే స్టార్టరు దెబ్బకి రింగులు విరుగుతాయి. సిలిండర్లో నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మెల్లగా పోతే వెయ్యి రూపాయల డీజిలు, కిరోసిన్‌తో అయ్యే పని, తొందరపడితే లక్షల్లోకి పోతుంది.

మొదట ఒక కర్రతో బండి కింద, బెల్లీ గార్డు రేకు లోపల, సీటు కింద, రేడియేటరు వెనక గట్టిగా తట్టండి. నా బండి బెల్లీ గార్డులో రక్తపింజరి ఉంది. ఎగ్జాస్ట్ గొట్టంలో కందిరీగల గూడు ఉంది. మీది తోటలో ఉందన్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను. చేతులు పెట్టేది తర్వాత.

తర్వాత ఇంజను కింద సంపు, అంటే ఆయిలు తొట్టి, దాని ప్లగ్గు. దాన్ని పూర్తిగా విప్పకండి, రెండు మూడు చుట్లు వదులు చేసి ఆగండి. ఆయిలు కంటే నీళ్లు బరువు కాబట్టి ఉంటే అవే ముందు వస్తాయి. నా బండికి మొదట చుక్క చుక్కగా నీళ్లు, అవి కూడా తుప్పు రంగులో, దాదాపు లీటరు కారాయి. ఆ వెనక జున్నులాంటి తెల్లటి ముద్ద, దాని వెనక నల్లటి ఆయిలు. నీళ్లు చూడగానే హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, పగిలిందని నాతో వచ్చిన మెకానిక్కు తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదు. పైకెక్కి చూస్తే ఎగ్జాస్ట్ గొట్టం మీద మూత లేదు. పదేళ్ల వాననీళ్లు అందులోంచి దిగాయి. హెడ్డు నిక్షేపంగా ఉంది. మీ బండికి కూడా గొట్టం మీద మూత ఉందా, డబ్బా బోర్లించి ఉందా చూడండి. మూత ఉండి కూడా సంపులో నీళ్లు వస్తే అప్పుడు హెడ్డు, లైనరు సీళ్లు అనుమానించాలి.

సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లు నాలుగూ విప్పించండి. ఆ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్లో డీజిలు, కిరోసిన్ సమంగా కలిపి పావు లీటరు పోయండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్లో కొద్దిగా కొత్త ఇంజనాయిలు కలిపినా సరిపోతుంది. రంధ్రాలకి గుడ్డలు కుక్కి మూడు రోజులు వదిలేయండి. మూడో రోజు ఫ్లైవీలు పళ్ల దగ్గర మూత తీసి, పొడుగాటి గడ్డపార పెట్టి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, మెల్లగా బరువు వేయండి. కుదుపులు వద్దు. అర అంగుళం కదిలితే చాలు, అక్కడ ఆపి వెనక్కి కదిలించండి. మళ్ళీ ముందుకి. నాది ఐదో రోజు కదిలింది. గడ్డపార చివర ముందు బిగుసుకుని ఉండి, ఒక్కసారి మెత్తగా లొంగింది. లోపలెక్కడో పాత తలుపు తెరుచుకున్నట్టు సన్నగా కిర్రుమన్న శబ్దం. నేనూ, నా బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడకుండా నిలబడిపోయాం.

పూర్తిగా రెండు చుట్లు తిరిగాక, నాజిళ్ల రంధ్రాలు తెరిచే ఉంచి మళ్ళీ నాలుగైదు చుట్లు తిప్పితే లోపలి ద్రవం బయటికి చిమ్ముతుంది. మొహం దగ్గర పెట్టకండి. ఆ తర్వాత ఆయిలు మార్చండి, ఫిల్టర్లు మార్చండి, డీజిల్ ట్యాంకు విప్పి కడిగించండి. పద్దెనిమిదేళ్ల నాటి డీజిలు అడుగున బంకలా ఉంటుంది, అది పంపులోకి పోతే పంపు పని అయిపోయినట్టే.

ఇంజెక్షన్ పంపును మాత్రం పంపుల షాపుకే ఇవ్వండి. ఇందులో డబ్బు ఆదా చేయాలనుకోవద్దు. కారణం చెప్తాను. పంపు లోపల డీజిలు ఎక్కువ తక్కువలు చేసే ర్యాక్ అని ఒక కడ్డీ ఉంటుంది. అది ఫుల్ దగ్గర పట్టేసి ఉంటే, ఇంజను లేవగానే పిచ్చి వేగం అందుకుంటుంది. తాళం తీసినా ఆగదు. డీజిల్ ఇంజనుకి కరెంటుతో పని లేదు, డీజిలూ గాలీ ఉంటే చాలు. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ క్లీనరు గొట్టం విప్పి ఉంచి, గాలి నోరు పూర్తిగా మూసేంత వెడల్పున్న చెక్కపలక పట్టుకుని ఒక మనిషిని అక్కడే నిలబెట్టాలి. వేగం పెరుగుతుంటే పలక అదిమి మూసేస్తే ఊపిరాడక ఆగుతుంది. గుడ్డ వాడకూడదు, లాగేసుకుంటుంది. చెయ్యి అస్సలు పెట్టకూడదు. నాకు ఆ పలక అవసరం రాలేదు. అయినా మళ్ళీ ఇంకో బండి లేపితే మళ్ళీ పలకతోనే నిలబడతాను.

చైను గురించి. డోజరు జీవితకాలపు రిపేరు ఖర్చులో దాదాపు సగం కింది భాగానికే పోతుంది. చైను, రోలర్లు, ఐడ్లరు, స్ప్రాకెట్టు. అందుకే మొదట్లోనే అంత గట్టిగా చెప్పాను. స్ప్రాకెట్టు పళ్లు చూడండి. మొన గుండ్రంగా, లావుగా ఉంటే బాగున్నట్టు. ఒక పక్క అరిగి కొడవలి మొనలా సన్నగా వంగితే అయిపోయినట్టు. రోలర్ల అంచుల నుంచి ఆయిలు కారిన మరకలు ఉన్నాయా చూడండి. చైను వేలాడుతుంటే వెంటనే అరిగిందని అనుకోవద్దు, టెన్షన్ సిలిండర్లో గ్రీజు దిగిపోయి ఉండొచ్చు. గ్రీజు కొట్టి బిగించాక పైన ఒక అంగుళం, అంగుళంన్నర వేలాడేలా ఉంటే సరి. సిలిండరు చివరిదాకా జరిగినా వదులుగానే ఉందంటే పిన్నులు, బుష్షులు అరిగి చైనే సాగింది.

ఈ టెన్షన్ సిలిండరు గ్రీజు వాల్వు దగ్గరే నేను ఒక పొరపాటు చేశాను. బిగింపు తగ్గించాలని వాల్వును తొందరలో రెండు చుట్లు తిప్పేశాను. లోపల గ్రీజు ఎంత ఒత్తిడిలో ఉంటుందంటే, సన్నటి దారంలా బయటికొచ్చి నా ఎడమచేతి గ్లౌజు పక్కగా పోయి ఎదురు రేకు మీద పెయింటు లేపేసింది. అర అంగుళం ఇటు వచ్చి ఉంటే అరచేతిలోకి దూరేది. అలాంటి గాయం పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది కానీ గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేళ్లు పోతాయి. వాల్వును ఒక్క చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, దాని ఎదురుగా నిలబడకండి. ఆగి, బండిని కొద్దిగా ముందుకీ వెనక్కీ కదిలిస్తే గ్రీజు తనే వస్తుంది.

నడిపే విషయానికి వస్తే, మంచులో నేర్చుకున్నవి ఇక్కడ కొన్ని అచ్చంగా పనికొచ్చాయి. రోహతాంగ్‌లో సాయంత్రం పని ఆపాక చైను మధ్య ఇరుక్కున్న మంచును పారలతో గీకి తీసి, బండిని చెక్క దిమ్మెల మీద నిలిపేవాళ్లం. లేకపోతే రాత్రికి చైను నేలకి గడ్డకట్టుకుపోయేది, పొద్దున లాగితే ఏదో ఒకటి తెగేది. మన దగ్గర గడ్డకట్టదు కానీ నల్లరేగడి మట్టి అదే పని చేస్తుంది. స్ప్రాకెట్టు పళ్ల సందుల్లో కూరుకుపోయి రెండు రోజుల ఎండకి రాయైపోతుంది. దాని మీద చైను ఎక్కితే బిగుసుకుని ఫైనల్ డ్రైవు, అంటే స్ప్రాకెట్టును తిప్పే గేర్ల పెట్టె, సీళ్లు పోతాయి. కాబట్టి పని అవగానే, మట్టి తడిగా ఉండగానే పారతో తీసేయండి. నేను ఇప్పటికీ నాలుగు పాత రైలు స్లీపర్ల మీదే బండి నిలుపుతాను. చలిలో డీజిలు మైనంలా గడ్డకట్టేది, సంపు కింద మంట పెట్టి వేడి చేసేవాళ్లం. మీకు ఆ బాధ లేదు. ఇక్కడ బాధ వేడి. రేడియేటరు రెక్కల్లో చిల్లచెట్ల ఆకులు, దూది చిక్కుకుంటాయి, రోజూ గాలి కొట్టాలి.

ఇసుకలో నిలబడ్డ చోటే గిర్రున తిప్పకండి. పెద్ద వంపులు తీసుకోండి. ఒకే గాడిలో ముందుకీ వెనక్కీ పోతే రెండు పక్కలా ఇసుక గోడలా నిలిచి, బ్లేడు ముందున్నది పక్కలకి జారిపోకుండా ఎక్కువ పోతుంది. వెనక్కి వేగంగా రావద్దు, బుష్షులు ఎక్కువ అరిగేది రివర్సులోనే.

అసలు నేల కనిపించేదాకా గీకొద్దు. రంగు మారడం మొదలవగానే, అంటే తెల్ల ఇసుక కింద నల్లటి చారలు కనబడగానే బ్లేడు రెండు అంగుళాలు లేపేయాలి. ఆ పై మట్టిలోనే పొలం సారం అంతా ఉంటుంది. ఇసుకతో పాటు అదీ గట్టు మీదికి పోతే మేట తీసి మేలు చేసింది ఏమీ ఉండదు. మిగిలిన రెండు అంగుళాలు దుక్కిలో కలిసిపోతాయి. రేగడి నేలకి ఆ కాస్త ఇసుక మంచిదే కూడా. అసలు మేటే నాలుగు అంగుళాల లోపు ఉంటే డోజరు దించకుండా లోతుగా దున్నుకోమనే నేను అందరికీ చెప్తాను.

కట్టల దగ్గర జాగ్రత్త. ఈ బండి పన్నెండు టన్నులు. చైను వెడల్పు వల్ల మెత్తటి నేలలో దిగబడదు కానీ వరద తాగిన కట్ట అంచు వేరు, పైకి గట్టిగా కనిపిస్తూనే జారిపోతుంది. అంచుకి రెండు మీటర్ల దూరంలో ఆగి, ముందు పోసిన ఇసుకను వెనక పోసిన ఇసుకతో నెట్టండి. మంచులో లోయ వైపు కూడా ఇలాగే తోసేవాళ్లం. మీ బండికి పైన గట్టి ఇనుప పందిరి ఉందో లేదో రాయలేదు. లేకపోతే పనికి ముందే మంచి ఫ్యాబ్రికేటర్ దగ్గర పెట్టించండి, అది ఎండ కోసం మాత్రమే కాదు, బండి బోల్తా పడితే మిమ్మల్ని కాపాడడానికి. దిగేటప్పుడు బ్లేడు ఎప్పుడూ నేల మీదే. హైడ్రాలిక్ మీద లేచి ఉన్న బ్లేడు కిందకి ఎవరూ, మీ మెకానిక్కు కూడా, దిమ్మెలు పెట్టకుండా దూరకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా. తారురోడ్డు మీద చైను బండి నడపకూడదు, లోబెడ్ ట్రైలరు మీదే తీసుకెళ్లాలి. బండి కాగితాలు మీ తాతగారి పేరునే ఉంటే ముందు అవి సరిచేయించుకోండి. పొలంలోనే ఇసుక పక్కకి తోయడం ఒక సంగతి, దాన్ని బయటికి తరలించడం, అమ్మడం పూర్తిగా వేరు సంగతి. ఇసుక చిన్నతరహా ఖనిజం, అనుమతి లేకుండా బయటికి పోతే కేసు మీ బండి మీదికి రావొచ్చు. మేట తీసే ముందు తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన కాపీ జేబులో పెట్టుకోండి. ఏట్లోకి మాత్రం బండి దించవద్దు, ఎవరు అడిగినా సరే.

విడిభాగాల గురించి భయపడకండి. ఈ బండ్లు కొమాట్సు పరిజ్ఞానంతో బీఈఎంఎల్ కోలారు బంగారు గనుల ఊళ్లో తయారుచేసినవి. దేశమంతా తిరిగాయి, అందుకే సామాను ఇంకా దొరుకుతుంది. నేను ఫిల్టర్లు, హోసులు నెల్లూరులోనే తీసుకుంటాను. రోలర్లు, పాత చైను లింకులు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. చీమకుర్తి వైపు క్వారీల్లో పనిచేసిన పాత మెకానిక్కులు ఇంకా ఉన్నారు, ఈ ఇంజను శబ్దం విని రోగం చెప్పేవాళ్లు. ఒకటే హెచ్చరిక, సీళ్లు మాత్రం చవకవి కొనకండి. ఒక దుకాణంలో సగం ధరకి దొరికిందని కొన్న సీల్ కిట్టు పది గంటల్లోనే కారింది, ఆ కూలీ అంతా మళ్ళీ పడింది.

ఖర్చు అడుగుతారని తెలుసు. నాకు కొన్న ధర కాక, లేపడానికి రెండేళ్లు, దగ్గర దగ్గర రెండున్నర లక్షలు పట్టింది. అందులో పంపు, చైను బుష్షుల పనే ఎక్కువ. ఇది డబ్బు తెచ్చే పని కాదు. నేను డీజిలు పోయించుకుంటాను తప్ప బాడుగ తీసుకోను. ఏడాదిలో మిగిలిన రోజుల్లో నెలకి ఒకసారి స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కేదాకా ఇరవై నిమిషాలు నడిపి, ముందుకీ వెనక్కీ నాలుగు గజాలు కదిలిస్తాను. అట్లా కదిలించకపోతే స్టీరింగ్ క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోయి, లివరు లాగినా బండి తిరగదు. నేను ఒక ఎండాకాలం మూడు నెలలు ఊళ్లో లేకపోతే సరిగ్గా అదే జరిగింది. అలా నెలకోసారి స్టార్ట్ చేసే ఆదివారం పొద్దున్నే ఇంజను శబ్దం వినగానే వీధిలో పిల్లలంతా వచ్చేస్తారు, వాళ్లని గీత గీసి అవతల నిలబెట్టడం మా ఆవిడ పని.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇంతే. ఇనుము వ్యాపారికి నెల గడువు అడగండి. ఇస్తాడు, పన్నెండు టన్నుల సరుకు అతనికీ రోజూ దొరకదు. స్ప్రాకెట్టు పళ్లు పక్క నుంచి ఒకటి, చైను పైభాగం వేలాడేది ఒకటి, రోలర్ల అంచులు ఒకటి, ఎగ్జాస్ట్ గొట్టం పైన ఒకటి, నాలుగు ఫోటోలు ఇక్కడే పెట్టండి. సంపు ప్లగ్గు వదులు చేసినప్పుడు ముందు ఏం వచ్చిందో రాయండి. ఫ్లైవీలు దగ్గర గడ్డపార వేసే రోజు ఒంటరిగా ఉండకండి, ఒక మనిషిని తోడు పెట్టుకోండి. అది కదిలిందా లేదా అనేది రాస్తే, పంపు విప్పే ముందు ఏం గుర్తులు పెట్టుకోవాలో అప్పుడు చెప్తాను.